తగరం రంగు

ఎర్ర రంగు డబ్బాతోనే మొదలుపెట్టాలి,
ఎందుకంటే అది నా చేతిలోది.

ప్రతి ఏప్రిల్‌లో పడవను ఒడ్డుకు ఈడ్చి, బోర్లించి,
అడుగుకు రెండు పూతలు.
నాచు పట్టదు, గుల్లలు అంటవు,
ఫియోర్డు నీళ్ళను కత్తిలా కోసుకుపోతుంది పడవ.
హెల్వోగ్ రేవులో అందరం అదే పూశాం.
మా నాన్న చేతుల రంగును డీజిల్‌తో కడుక్కుని
ఆ చేతులతోనే కాడ్ చేపను తరిగేవాడు.

ఆ ఏడు బెర్గెన్ నుంచి వచ్చింది సునీవా.
మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మెడలో భూతద్దం,
మనిషి కంటే బరువైన సంచి.
"పడవ అద్దెకిస్తావా ఎయిలర్ట్? నత్తలు ఏరాలి."
నత్తల కోసం డబ్బులిచ్చే మనిషి!
రేవు రేవంతా వారం రోజులు నవ్వుకుంది.

ఆటుకు బయటపడ్డ రాళ్ళ మీద నడుం వంచి
ఒక్కో చోట నలభై ఏరేది.
ముప్పై తొమ్మిది దొరికితే
చీకటి పడేదాకా నలభయ్యో దాని కోసం వెతికేది.
బల్ల మీద చిన్న బిగింపులో పెట్టి తిప్పితే
పటుక్కుమని గుల్ల విరిగేది.
లోపలి మెత్తటి ప్రాణాన్ని సూదులతో విప్పి
ఏదో కొలిచి అంకె చెప్పేది.
నేను పెన్సిలుతో రాసేవాణ్ణి.

మూడో రోజు అడిగాను, అదేమిటని.
తలెత్తకుండానే అంది:
"ఇది ఆడది.
ఇది, దానికి మొలిచిన మగ అంగం."
నా చెవులు కాలాయి.
ఆమెకు సిగ్గు లేదు, తీరికా లేదు.
"ఇదిగో, గుడ్లు బయటికి రావలసిన దారి.
పూడిపోయింది. లోపలే నిండి, నిండి,
ఒకరోజు తల్లే పగులుతుంది.
మూడు పాయింట్ రెండు. రాయి."

రాశాను.
దూరపు దీవిలో సున్నాలు.
రేవుకు దగ్గరయ్యే కొద్దీ అంకెలు పెరిగాయి.
మా పడవలు కట్టే రాతి దగ్గర
అసలు నత్తే లేదు.
ఎవరూ నాకు విడమరచి చెప్పలేదు.
రాసిన చేతికే తెలిసింది.

రంగుల కంపెనీ మనిషి ఊరి సభకు వచ్చాడు,
ఇస్త్రీ కోటు, చేతిలో కాఫీ చెంచా.
"మొత్తం ఫియోర్డులో ఇంత.
ఇంత మందు ఎవరిని చంపుతుందమ్మా?"
"చంపదు," అంది సునీవా.
"ఒంట్లో ఒక కబురు నడుస్తుంటుంది,
ఎప్పుడు ఎదగాలో, ఏమవ్వాలో.
ఇది మధ్యలో దూరి చాడీ చెబుతుంది."
వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.
నేనే కావచ్చు.

రెండేళ్ళు ఆమెకు నిధులు ఆగిపోయాయి.
బస్సులో వచ్చింది.
అద్దెకు బదులు సొంతంగా అల్లిన మేజోళ్ళు ఇచ్చింది,
ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
అంత కొలిచే మనిషి!

పదకొండో ఏడు నేనే బయటపడ్డాను:
"నా పడవ అడుగున కూడా అదే రంగు."
"మొదటి రోజే చూశాను."
"మరి అనలేదేం?"
"అంటే, పడవ ఎవరిచ్చేవారు?"

నిషేధం ముందు చిన్న పడవలకు వచ్చింది.
పెద్ద ఓడలకు వచ్చేసరికి
ఆమె జుట్టు తెల్లబడింది, మోకాలు అరిగింది,
నత్తలు కొలిచే చోట
ఆమె శిష్యురాలు సోల్‌బియోర్గ్ కూర్చుంది.

మొన్న మే నెలలో, ఉద్యోగం ముగిశాక,
చేయి పట్టి మా రేవు రాతి మీదికి దించాను.
పగులులో, బార్లీ గింజల్లా, పసుపు పచ్చగా,
నిటారుగా నిలబడి ఉన్నాయి గుడ్ల తిత్తులు.
చాలాసేపు చూసింది.
ఒక్క నత్తనీ ముట్టుకోలేదు.
"ఏం రాయమంటావు?" అన్నాను.
"తేదీ రాయి."

తిరిగి వస్తూ, కాఫీ తాగుదామని
రేవు మధ్యలో లంగరు వేయబోతే ఆపింది.
"ఇక్కడొద్దు. కింద బురదలో ఇంకా ఉంది,
మన రంగు. కదిలించకు."

మీ రంగు అనలేదు.
లంగరు గొలుసు పట్టుకుని అలాగే నిలబడ్డాను,
అరచేతుల నిండా ఎర్రటి తుప్పు.
కాఫీ చల్లారిపోయింది.